మైకు కోసమని కొన్న బ్యాటరీ

బ్యాటరీ దుకాణంలో అడుగు పెట్టగానే మొదట అడిగే మాట ఒక్కటే: దేనికి వాడతారు? లారీకా, ట్రాక్టర్‌కా, ఇంట్లో ఇన్వర్టర్‌కా? ఉన్నదున్నట్టు చెబితే చాలు, తక్కినది దుకాణం వాళ్లే చూసుకుంటారు. మా నాయిన ఆ ఒక్క మాటకు అబద్ధం చెప్పాడు. ఇన్నేళ్లయినా అది తలుచుకుంటే నాకు ఏడుపు కన్నా ముందు కోపం వస్తుంది. పోయినవాళ్లమీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకున్నాను.

నాయిన భూపాలపల్లి బొగ్గుగనిలో భూమి లోపలికి దిగి పనిచేసినవాడు. పని నుంచి దిగిపోయాక క్వార్టర్ ఖాళీ చేసి అవ్వను, అంటే మా అమ్మను, తమ్ముణ్ణి తీసుకుని నర్సింహులపేట దగ్గరి మా సొంతూరికి వచ్చేశాడు. వస్తూ వస్తూ ఒక పాత డీజిల్ వ్యాను కొనుక్కొచ్చాడు. దాని వెనక సీట్లన్నీ పీకించి, చెక్కలతో ఒక మంచం కొట్టించాడు. మంచం కింద గ్యాసు పొయ్యి, ఒక మూలన నీళ్ల డ్రమ్ము, పైన అవ్వ గిన్నెలు తగిలించుకోవడానికి కొక్కేలు. మేడారం జాతరకు పోయినప్పుడు అందరూ చెట్ల కింద దుప్పట్లు కట్టుకుని ఉంటే మేము దర్జాగా బండిలో పడుకునేవాళ్లం. ఊరికే ఎందుకు పెట్టుకున్నావీ ఇనుప ఇల్లు అని నేను ఎగతాళి చేస్తే, "ఏడికి పోయినా ఇల్లు ఎంబడి వస్తది బిడ్డా, గంతకన్న ఏం గావాలె" అనేవాడు.

ఆ ఇనుప ఇల్లే చివరికి ఆయనకు నిజంగా ఇల్లయింది. ఎందుకంటే ఆయనకు దమ్ము, ఊపిరి అందని జబ్బు. ఏళ్ల తరబడి మింగిన బొగ్గుపొడి ఊపిరితిత్తుల్లో గట్టిపడిపోయిందని హన్మకొండ డాక్టరు చెప్పాడు. పగలంతా, వీలైతే రాత్రంతా, ఆక్సిజన్ మిషన్ పెట్టుకోవాలన్నాడు. సిలిండర్ కాదు, చిన్న బీరువా అంత పెట్టె. కరెంటు పెడితే చుట్టూ ఉన్న గాలినే పీల్చి, శుభ్రం చేసి, సన్నని గొట్టంలోంచి ముక్కుకు అందిస్తుంది. కరెంటు లేకపోతే ఉత్త డబ్బా. క్వార్టర్లో ఉన్నన్నాళ్లూ మాకు కరెంటు పోవడమంటే ఏమిటో తెలియదు. ఊళ్లో అది ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. అందుకని వ్యాను బ్యాటరీకి ఒక ఇన్వర్టర్ కలిపి, మిషన్‌ను మంచం పక్కన బిగించి, నాయినను బండిలోకి మార్చాం. ఇంటి ముందు వేపచెట్టు కింద బండి ఆగి ఉండేది. కరెంటు ఉన్నప్పుడు ఇంట్లోంచి వైరు లాగేవాళ్లం, పోతే బ్యాటరీ. ఆయాసం ముదిరితే మనిషిని దించడం, ఎక్కించడం లేకుండా బండిని నేరుగా మానుకోట దవాఖానకు తోలుకుపోవచ్చు. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం.

ఇంతవరకు మంచి ఏర్పాటే. చెడిపోయిందల్లా నాయిన స్వభావం దగ్గర. తనకు దమ్ముందని ఆయన బయట ఎవరికీ చెప్పనిచ్చేవాడు కాదు.

అది గనిలో అబ్బిన గుణం. లోపల బొగ్గు ఎత్తేవాళ్లు జట్లుగా పనిచేసేవాళ్లు. జట్టు మొత్తం నింపిన బొగ్గు టబ్బులనుబట్టి జట్టుకు కూలి. ఒకడికి ఆయాసం వచ్చి చేయి నెమ్మదించిందంటే మిగతావాళ్ల కడుపు కొట్టినట్టే. కాబట్టి ఫలానావాడికి దమ్మట అనే మాట పుట్టిందంటే, మర్నాడు ఏ జట్టూ వాణ్ణి కలుపుకునేది కాదు. నోటితో పొమ్మనరు. వాడు వచ్చేసరికి అందరూ లోపలికి దిగిపోయి ఉంటారు, అంతే. అందుకే గనివాళ్లు నలుగురిలో దగ్గనే దగ్గరు. దగ్గు వస్తే మెడలో తువ్వాలను ముక్కూ నోరూ కలిపి నొక్కుకుని, దగ్గును లోపలికే మింగుతారు. పని దిగి పైకి రాగానే ఇంత బెల్లంముక్క నోట్లో వేసుకుంటారు, పొడి కిందికి జారిపోతుందని. మా ఇంట్లో బెల్లం డబ్బా ఎప్పుడూ ఖాళీ కాలేదు. నా చిన్నతనంలో ఏ ఇంటికి పోయినా, మాట్లాడుతూ మాట్లాడుతూ తువ్వాల నోటికి అడ్డం పెట్టుకునే మగవాళ్లే. అది వాళ్ల మర్యాద అనుకునేదాన్ని.

జట్టు లేదు, గని లేదు, ఇప్పుడెవరు నిన్ను పనిలోంచి తీసేస్తారు నాయినా అని ఎన్నిసార్లు అడిగానో. వినేవాడు కాదు. వ్యాను తలుపుకు గుడ్డ కట్టించాడు. ఎవరైనా వస్తే గొట్టం తీసి దిండు కింద పెట్టి, లేచి కూర్చుని నవ్వుతూ మాట్లాడేవాడు. ఆ మాటలు అయిదు దాటితే పెదవులు నల్లబడేవి. అడిగినవాళ్లకు చెప్పే మాట: ఆయనకు బండిలో చల్లగా ఉంటుందట, అందుకే అందులో ఉంటున్నాడట. ఇరుగుపొరుగుకు కొంత తెలుసు, తెలియనట్టు ఉండేవాళ్లు. ఊరు దాటితే ఎవరికీ తెలియదు.

ఆ వానాకాలం వ్యాను బ్యాటరీ ప్రాణం పోయింది. సెల్ఫ్ కొడితే కిట్ కిట్‌మని ఊరుకునేది. మిషన్ పెడితే కాసేపటికే ఇన్వర్టర్ కూత పెట్టేది. నేను కేసముద్రంలో కాపురం, అక్కడే బడిలో పంతులమ్మను. సంగతి తెలిసి సెలవు పెట్టి వచ్చాను. హైదరాబాదు రోడ్డు మీద లారీల రద్దీ ఉంటుంది కనుక జనగామలో అన్ని రకాల బ్యాటరీలూ దొరుకుతాయని, నలుగురి చేత బండి తోయించి స్టార్ట్ చేసి, నాయినను, తమ్ముణ్ణి తీసుకుని బయలుదేరాను. అసలు నాయిన రావలసిన పనే లేదు. నా బండికి బ్యాటరీ నేను చూసుకోకపోతే ఎట్ల అని కూర్చున్నాడు.

దుకాణం రోడ్డు వారనే ఉంది. బండి ఆపినచోటి నుంచి దుకాణానికి నాలుగడుగులు. ఆ కాస్త దూరంలో నాయిన మధ్యలో ఆగి ఒక బోర్డు చదివాడు. మళ్లీ ఆగి లారీ టైరు ఒకటి పరీక్షగా చూశాడు. బోర్డుల మీద, టైర్ల మీద ఆయనకంత ఆసక్తి ఎందుకో నాకూ తమ్ముడికీ తెలుసు. మేము కూడా ఆగి చూశాం.

దుకాణదారు మా వైపు మనిషే, నర్సింహులపేటలో చుట్టాలున్నారట. కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. రెండు బ్యాటరీలు చూపించాడు. ఒకటి పొట్టిగా, బలంగా ఉంది, లారీలకు వేసేది. ఇంకొకటి పొడుగుది, ఇళ్లల్లో ఇన్వర్టర్లకు పెట్టేది.

"ఇగో బాపూ, గీ పొట్టిది ఒక్కసారే గట్టిగ తన్నుతది. సెల్ఫ్ కొడితే ఎంత పాత ఇంజన్ అయినా లేస్తది. గీ పొడుగుది గట్ల తన్నది. మెల్లమెల్లగ, గంటల కొద్ది ఇస్తది. ఉన్నది మొత్తం వాడినా తట్టుకుంటది. మరి దేనికి వాడుతరు మీరు?"

నేను నోరు తెరిచేలోపే నాయిన అన్నాడు: "మైకుకు."

"మైకుకా?"

"ఉద్యమానికి. మీటింగులకు మన బండే ఇస్త. మైకు నడవాలె, బండి తిరగాలె."

నేను ఆయన ముఖంలోకి చూశాను. అంతవరకు ఆ బండి ఏ మీటింగుకూ పోలేదు. ప్రత్యేక రాష్ట్రం కోసం సాగే ఆ ఉద్యమమంటే ఆయనకు ప్రేమ లేదని కాదు, ప్రాణమిచ్చేంత ఉంది. కానీ మేము వచ్చింది మైకు కోసం కాదు. దుకాణదారు మాత్రం ఆ మాటకు పొంగిపోయాడు. లేచి నాయిన రెండు చేతులూ పట్టుకున్నాడు. "గట్లయితే గీ పొట్టిదే బాపూ. మైకు ఎంతసేపు నడుస్తది, జరసేపు. మళ్ల బండి తిరిగితె దానంతటదే నిండుతది. పొడుగుది రోడ్ల మీద కుదుపులకు ఆగది."

"రెండూ తీసుకుందాం" అన్నాను నేను. "ఒకటి బండికి, ఒకటి వేరేగా."

"రెండోది దేనికక్కా?" అన్నాడు దుకాణదారు మామూలుగానే.

నాయిన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. బతిమాలుతున్నాడో, బెదిరిస్తున్నాడో చెప్పలేను. తువ్వాల అప్పటికే నోటి మీద ఉంది. "లైట్లకు అనుకుంటున్నది. అక్కర్లేదు" అన్నాడు. ఆ తర్వాత నేనేం మాట్లాడినా ఆయన లేచి బయటికి నడిచేవాడు. ఆ ఎండలో, ఆ నడకకు, అక్కడే పడిపోయేవాడు. దుకాణదారు పొట్టి బ్యాటరీకి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఉద్యమం బండి అని తనే స్వయంగా బిగించాడు.

తిరుగు దారిలో నేను ఊరుకోలేదు. మిషన్ గొట్టం ముక్కుకు పెడుతూ నోటికొచ్చినట్టు తిట్టాను.

"ఎవరికి భయపడుతున్నవ్ నాయినా? ఆయనేమన్నా నీ జట్టోడా?"

"ఊకో బిడ్డా" అన్నాడు కళ్లు మూసుకుని. "దమ్మున్నదని ఒక్కసారి చెప్పుకుంటె, ఇగ అప్పటికెల్లి మనిషి లెక్కల ఉండడు. గంతే."

ఇంజన్ నడుస్తోంది, కొత్త బ్యాటరీ మీద మిషన్ హాయిగా తిరుగుతోంది. ఆయన రంగు తేరుకుంది. నేను గెలవలేకపోయాను.

మొదట్లో అంతా బాగానే ఉంది. పొద్దున కరెంటు పోయినా అన్నం వేళ దాకా మిషన్ ఆగేది కాదు. చూసినవా, నువ్వు ఊకె లొల్లి చేసినవ్ అని నాయిన నన్నే దెప్పాడు. కానీ దుకాణదారు నోరు ఊరుకోలేదు. గనిల పని చేసిన పెద్దమనిషి, బండే ఉద్యమానికిచ్చిండు అని తన చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నాడు. రోజుల్లోనే నర్సింహులపేట నుంచి మనుషులొచ్చారు, దండం పెట్టి బండి అడిగారు. ఇప్పుడేమంటాడో చూద్దామని నేను తలుపు దగ్గర నిలబడ్డాను. నాయిన గొట్టం దిండు కింద దాచి, "అడుగుడెందుకు, మీ బండే" అన్నాడు.

అబద్ధం అలా నిజమైంది. కరెంటు ఉన్న పూట నాయినను, మిషన్‌ను ఇంట్లోకి దించి, తమ్ముడు బండిని మీటింగులకు తోలుకుపోయేవాడు. బండి మీద రెండు మైకు గొట్టాలు కట్టారు. జఫర్‌గఢ్ దాకా పోయింది, మానుకోట దాకా పోయింది. ఎక్కడికి పోయినా మైకు బండి వచ్చింది, మైకు బండి వచ్చింది అని జనం ఎదురొచ్చేవాళ్లట. తమ్ముడు వచ్చి ఆ కబుర్లు చెబుతుంటే నాయిన కళ్లు మెరిసేవి. గనిలో ఉన్నన్నాళ్లూ ఏ జట్టులోంచీ వెళ్లగొట్టించుకోని మనిషి, మంచం మీద ఉండి కూడా ఒక జట్టులో చేరిపోయాడు. నాకు అది అర్థమయ్యేది. అర్థమైనందుకే ఇంకా ఒళ్లు మండేది.

అవ్వ మాత్రం ఏమీ అనేది కాదు. ఆయన గుట్టు ఆమె జీవితమంతా మోసింది. అంగట్లో బెల్లం కొంటూ ఎవరైనా అంత బెల్లం దేనికని అడిగితే, పిల్లలకు పాయసం అని చెప్పి చెప్పి అలవాటైపోయింది.

తర్వాత సకల జనుల సమ్మె వచ్చింది. బడులు మూతపడ్డాయి, నేను తల్లిగారింటికి వచ్చి ఉన్నాను. బస్సులు ఆగాయి. గనుల్లో బొగ్గు తీయడం ఆగింది. ఆ వార్త విన్నరోజు నాయిన మంచం మీద లేచి కూర్చున్నాడు. "చూస్తున్నవా బిడ్డా, మావోళ్లు చెయ్యి ఆపితె దేశమే చీకటైతది." ఆ గర్వం చూసి నేను కూడా సంతోషపడ్డాను, అబద్ధమెందుకు. సమ్మెలో నేనూ ఉన్నాను, రోడ్డు మీద కూర్చున్నాను, బతుకమ్మ ఆడాను. కానీ బొగ్గు ఆగితే కరెంటు ఆగుతుంది. కరెంటు ఆగితే ఆ చీకటి దేశం కన్నా ముందు మా వేపచెట్టు కిందికి వచ్చింది. పగలు సగంసేపు కరెంటు పోయేది, తర్వాత సగానికి మించి పోయింది.

అప్పుడు బ్యాటరీ అసలు సంగతి బయటపడింది. లారీ బ్యాటరీ కదా, ఒక్క తన్ను తన్ని మళ్లీ నిండడానికి చేసింది. దాన్ని రోజూ అడుగంటా పిండుతున్నాం, నింపడానికి కరెంటూ లేదు, బండి తిప్పడానికి బంకుల్లో డీజిలూ సరిగా లేదు. అన్నం వేళ దాకా ఆడే మిషన్ పాలవాడు పోయేసరికే ఆగిపోవడం మొదలైంది. ఇన్వర్టర్ కూత పెట్టగానే నాయినే చేయి చాచి మిషన్ కట్టేసేవాడు. "ఇయ్యాల మంచిగనే ఉంది. జర బంద్ చేసి చూద్దాం" అనేవాడు, మేము పరేషాన్ కాకూడదని. తర్వాత బోర్లా వాలి, దిండు మీద రెండు మోచేతులూ ఆనించి, నోరు తెరిచి కరెంటు కోసం చూస్తుండేవాడు. చేప గట్టున పడ్డప్పుడు అలాగే ఉంటుంది. నేను విసనకర్రతో విసురుతూ కూర్చునేదాన్ని, విసిరితే ఏమీ కాదని తెలిసి కూడా.

ఇక ఆయనను అడగలేదు. ఇంటి వెనక్కి పోయి జనగామ దుకాణదారుకు ఫోన్ చేశాను. మైకు కాదు, మా నాయిన ఊపిరి మిషన్‌కు అని చెప్పేశాను.

"గట్లనా అక్కా... గా ముక్క అప్పుడే చెప్తె నా చేత్తోని పొడుగుది పెడుదును గదా. పొట్టిదైతె బండికే ఉంచుదుము."

"ఇప్పుడేం చెయ్యాలె అన్నా?"

"నా తాన పొడుగుది ఉంది. షెట్టర్లు బంద్, బండ్లు తిరుగుతలేవు. ఏదన్న దొరికితె నేనే తెస్త. అందాక ఒక్క ముచ్చట గుర్తు పెట్టుకో. గా బ్యాటరీ పని అయిపోయింది. తోసి ఇంజన్ లేపుకున్నరనుకో, మళ్ల బంద్ చెయ్యకుండ్రి. ఇంజన్ తిరిగినంతసేపు మిషన్ తిరుగుతది. బంద్ చేసిన్రా, రెండూ ఆగిపోతయ్."

ఆ మాట తమ్ముడికి చెప్పాను. ఇంజన్ ఆపకు, ఏమైనా సరే ఆపకు అని.

రెండు రోజులకే అవసరం వచ్చింది. తెల్లవారినప్పటి నుంచి కరెంటు లేదు. ఎండెక్కేసరికి నాయిన గోళ్లు నీలంగా అయ్యాయి. పిలిస్తే పలుకుతున్నాడు గానీ మాట పూర్తి కావడం లేదు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే అది వేరే ఊరికి పోయి ఉంది. తమ్ముడు సెల్ఫ్ కొట్టాడు. కిట్‌మని కూడా అనలేదు. వాడి అరుపులకు ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చి వాడకట్టు చివరిదాకా తోశారు, అప్పటికి ఇంజన్ అందుకుంది. అందుకోగానే మంచం పక్కన మిషన్ గుర్రుమంది. నాయిన ముక్కుకు గొట్టం పెట్టి తల నా ఒళ్లోకి తీసుకున్నాను. అవ్వ కాళ్ల దగ్గర కూర్చుంది. ఊరు దాటేసరికి ఆయన కళ్లు తెరిచాడు. గోళ్లకు కొంచెం రంగు వచ్చింది. ఇక ఫరవాలేదు, చేరిపోతామనుకున్నాను. ఆ రోజు నేను నిజంగా అలాగే అనుకున్నాను.

సగం దారిలో రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చి, పొయ్యిలు పెట్టి, పెద్ద గుండిగల్లో అన్నం వండుతున్నారు. ఎక్కడెక్కడి ఊళ్లవాళ్లో వందలమంది, డప్పులు, పాటలు. మా కళ్లముందే ఒక ఆటోలో నిండు గర్భిణి వస్తే రాళ్లు పక్కకు జరిపి, తామే తోవ చేసి పంపించారు. వాళ్లు అలాంటివాళ్లే. ఎవరికి ఆపద ఉన్నా ఆపేవాళ్లు కాదు. ఆ ఆటో వెనకే పోదామని తమ్ముడు బండిని ముందుకు పోనిచ్చాడు.

మా బండిని చూడగానే కేకలు లేచాయి.

"మైకు బండి వచ్చింది! మన మైకు బండి వచ్చింది!"

డప్పులు మా వైపు తిరిగాయి. జనం పరుగెత్తుకొచ్చి బండిని చుట్టుకున్నారు. ఇద్దరు పైకెక్కి మైకు గొట్టాలు సరిచేస్తున్నారు. ఒకామె కిటికీలోంచి తమ్ముడికి బొట్టు పెట్టింది. వాడు "లోపల పేషెంట్ ఉన్నడు, నాయిన ఉన్నడు, జరుగుండ్రి" అని గొంతు చించుకుంటున్నాడు. డప్పుల్లో ఆ మాట ఎవరికీ వినపడటం లేదు. నేను లోపలి నుంచి వెనక తలుపు బాదుతున్నాను, తీద్దామంటే బయట జనం ఆనుకుని ఉన్నారు. అంతలో ఎవరో ఒకాయన నవ్వుతూ కిటికీలోంచి చేయి పెట్టి, "డీజిల్ ఊకె కాలుతున్నది తమ్మీ" అంటూ తాళంచెవి తిప్పేశాడు.

ఇంజన్ ఆగింది. మిషన్ ఆగింది. ఇన్వర్టర్ ఒక్క కూత పెట్టి అదీ ఊరుకుంది.

నాయినకు తెలిసింది. పైనుంచి వాళ్లు కేకలు వేస్తున్నారు, జై కొడుతున్నారు. ఆయన నా చేయి పట్టుకుని ఏదో అనబోయాడు, గాలి లేదు. రెండో చేత్తో దేనికోసమో తడుముకుంటున్నాడు. అవ్వకు అర్థమైంది. తువ్వాల తీసి ఆ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని నోటికి అడ్డం పెట్టుకున్నాడు. చావు ముంచుకొస్తున్నప్పుడు కూడా బయటివాళ్లకు దగ్గు వినపడకూడదు ఆయనకు. ఆ తువ్వాల గుంజి పారేయాలనిపించింది నాకు. అవ్వ నా చేయి ఆపింది.

తలుపు ఎలా తెరుచుకుందో తెలియదు. తెరుచుకున్నాక ముందున్నవాళ్లు లోపల చూశారు. చూసినవాళ్లు వెనక్కి తిరిగి చేతులెత్తితే డప్పులు ఒక్కొక్కటే ఆగాయి. తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. పొయ్యిలు తన్నేశారు, గుండిగలు ఎత్తి పక్కన పెట్టారు, రాళ్లు విసిరేశారు. ఎంతమంది చేతులు వేశారో, అంత బరువు బండి కాగితంలా కదిలింది. తాళం తిప్పినాయన అందరికన్నా ముందు భుజం ఆనించి ఏడుస్తూ తోశాడు. ఇంజన్ అందుకుంది, మిషన్ మళ్లీ గుర్రుమంది, గొట్టంలోంచి గాలి వస్తూనే ఉంది. దాన్ని పీల్చుకునే మనిషి మాత్రం పీల్చడం లేదు. మానుకోట దవాఖాన గేటు దాకా ఆ గొట్టం నేను ఆయన ముక్కుకు పట్టుకునే ఉన్నాను. తమ్ముడు దవాఖాన ముందు కూడా ఇంజన్ ఆపలేదు. ఆపరా అని నేనే చెప్పాల్సి వచ్చింది.

ఆ తాళం తిప్పినాయన మీద నాకు కోపం లేదు. సమ్మె మీద లేదు, బొగ్గు ఆపినవాళ్ల మీద లేదు. వాళ్లకు మా బండి మైకు బండి, అంతే. ముక్కూ మొహం తెలియని ఏ బండిలో పోయినా ఆయన బతికి దవాఖాన చేరేవాడు.

దినాల నాడు మా ఇంటి ముందు సంతాప సభ పెడతామని ఉద్యమం వాళ్లు వచ్చారు. కాదనలేదు. జనగామ దుకాణదారు కూడా ఆ రోజే వచ్చాడు, ఎవరిదో ట్రాక్టర్ మీద పొడుగు బ్యాటరీ పెట్టుకుని. ఇప్పుడు ఇదెందుకన్నా అని నేను అడగలేదు. కరెంటు లేదు కనుక మైకు ఆ బ్యాటరీకే కలిపారు. గంటల తరబడి మాట్లాడినా గొంతు తగ్గకుండా నడిచింది. మెల్లమెల్లగా, చాలాసేపు ఇచ్చే బ్యాటరీ అది.

భూపాలపల్లి నుంచి నాయిన జట్టువాళ్లు వచ్చారు. అందరూ ముసలివాళ్లయిపోయారు. ముందు వరుసలో, మెడలో తువ్వాలలతో కూర్చున్నారు. మాట్లాడినవాళ్లంతా నాయినను గొప్ప చేశారు. ఉద్యమానికి బండినిచ్చిండు, బ్యాటరీనిచ్చిండు, ఆఖరికి వంటావార్పుకు వస్తు వస్తు ప్రాణమిచ్చిండు అన్నారు. అమరుడు అన్నారు. ఇంకా అదే అబద్ధం నడుస్తోంది, ఇప్పుడు ఆయన లేకుండానే.

అవ్వ లేచింది. సభలో ఆమె మాట్లాడుతుందని ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. నేరుగా పోయి మైకు చేతిలోకి తీసుకుంది. దాన్ని ఎంత దూరంలో పట్టుకోవాలో తెలియక నోటికి ఆనించి పట్టుకుంది.

"ఆయన మీటింగుకు రాలే" అంది. "దవాఖానకు పోతున్నం. ఆయనకు దమ్ము. గనిల పట్టుకున్నది. బ్యాటరీ మైకుకు కొనలే, ఆయన ఊపిరికి కొన్నం. చెప్పుకోను సిగ్గుపడ్డడు. నేను గూడ చెప్పలే. గంతే, ఇగ చెప్తున్న. ఆయన దమ్ముతోని సచ్చిపోయిండు."

ఇంకేమైనా అంటుందని అందరూ చూశారు. మైకు అలాగే పట్టుకుని నిలబడింది, ఎవరికివ్వాలో తెలియక.

ముందు వరుసలో ఒక ముసలాయన ముఖం ఎర్రబడిపోతోంది. తువ్వాల నోటికి నొక్కుకుని దగ్గును మింగుతున్నాడు, చిన్నప్పటి నుంచీ నేను చూసినట్టే. అవ్వ ఆయన వైపు చూసింది. ఆయన కాసేపు తన్నుకులాడి, తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకుని, గట్టిగా దగ్గాడు. ఆగకుండా దగ్గాడు. పక్కాయన తువ్వాల తీశాడు. ఆ పక్కాయన తీశాడు. వరుస మొత్తం దగ్గుతోంది, లోపల ఎన్నేళ్లుగా పట్టి ఉంచిన దగ్గంతా. అవ్వ చేతిలో మైకు ఇంకా వాళ్ల వైపే ఉంది. మా వ్యాను మీది మైకు గొట్టాల్లోంచి ఆ దగ్గు ఊరంతటికీ వినపడింది.